వాలెంటైన్ కార్డు

వాలెంటైన్ కార్డు అనగా ప్రతి సంవత్సరం ఫిబ్రవరి 14వ తేదీన, వాలెంటైన్స్ డే (ప్రేమికుల రోజు) సందర్భంగా, ప్రేమను గాని స్నేహాన్ని గాని తెలుపుతూ పంపుకొనే లేఖ లేదా శుభాకాంక్షల కార్డు. ఆంగ్లంలో "వాలెంటైన్" అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. కార్డును వాలెంటైన్ అంటారు; ఆ కార్డు అందుకొనే వ్యక్తిని కూడా వాలెంటైన్ అనే అంటారు. నేడు ఇది దుకాణంలో కొనే వస్తువుగానే ఎక్కువమందికి తెలుసు. కాని దీని చరిత్రలో ఎక్కువ భాగం చేతితో వ్రాసిన పద్యాలది, ఇంట్లో కత్తిరించిన కాగితాలది. ఈ వ్యాసంలో ముఖ్యంగా ఇంగ్లండు, అమెరికా దేశాలలో ఈ ఆచారం పెరిగిన తీరు, ఇంట్లో కార్డు తయారు చేసుకొనే పద్ధతులు వివరించబడ్డాయి.

పేరు వెనుక కథ

వాలెంటైన్ అనే పేరుతో ప్రాచీన రోము పరిసరాలలో ఒకరికంటె ఎక్కువమంది క్రైస్తవ మృతవీరులు ఉన్నట్లు సంప్రదాయం చెబుతుంది. వారిలో ఒకరు చెరసాలలో ఉండి జైలరు కుమార్తెకు ఉత్తరం వ్రాశాడనీ, దానిపై తన పేరు సంతకం చేశాడనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అయితే ఇది ఆ కాలపు ఆధారాలున్న చరిత్ర కాదు; చాలాకాలం తరువాత పుట్టిన కథ. వాలెంటైన్ జీవితం గురించి నమ్మదగిన వివరాలు చాలా తక్కువగా ఉన్నందున 1969లో రోమన్ కాథలిక్ చర్చి తన సార్వత్రిక పండుగల పట్టిక నుండి ఈ రోజును తొలగించింది. కాబట్టి ఈ పండుగకూ ప్రేమకూ సంబంధం ఎక్కడ ఏర్పడింది అన్న ప్రశ్నకు సమాధానం మతగ్రంథాలలో కంటె కవిత్వంలో వెదకవలసి ఉంటుంది.

కవిత్వంతో ఆరంభం

ఈ రోజును ప్రేమతో ముడిపెట్టిన తొలి రచనలలో ప్రసిద్ధమైనది ఆంగ్లకవి జెఫ్రీ చాసర్ 14వ శతాబ్దం చివరి భాగంలో రచించిన "పార్లమెంట్ ఆఫ్ ఫౌల్స్" అనే కావ్యం. ఇందులో 699 పాదాలు ఉన్నాయి. వాలెంటైన్ దినాన పక్షులన్నీ ప్రకృతిదేవత ఎదుట సభ తీరి తమ జతలను ఎన్నుకోవడం ఇందులోని ఇతివృత్తం. ఒక ఆడ గద్ద కోసం మూడు మగ గద్దలు పోటీపడతాయి. సభలో వాదోపవాదాలు జరిగిన పిమ్మట నిర్ణయం ఆ ఆడపక్షికే వదలివేయబడుతుంది. ఆమె ఒక సంవత్సరం గడువు కోరుతుంది. ప్రేమ విషయంలో ఎన్నుకొనే హక్కు, వేచి ఉండమని చెప్పే హక్కు ఆమెకు ఉన్నాయని ఈ కావ్యం ఒప్పుకోవడం గమనించదగినది.

చాసర్ తరువాత ఈ భావం ఫ్రాన్సు, ఇంగ్లండు రాజాస్థాన కవులలో వ్యాపించింది. 1415లో అజాంకూర్ యుద్ధంలో ఆంగ్లేయులకు చిక్కి 25 సంవత్సరాలు బందీగా గడిపిన ఫ్రెంచి ప్రభువు ఓర్లియాన్స్ డ్యూక్ చార్లెస్ వాలెంటైన్ దినంపై అనేక కవితలు వ్రాశాడు.

మార్జరీ బ్రూస్ లేఖ (1477)

ఆంగ్లభాషలో ఇంతవరకు లభించిన వాలెంటైన్ లేఖలలో మొదటిదిగా పేర్కొనబడేది ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతానికి చెందిన మార్జరీ బ్రూస్ అనే యువతి 1477 ఫిబ్రవరిలో జాన్ పాస్టన్‌కు పంపిన ఉత్తరం. ఇది "పాస్టన్ లేఖలు" అనే ప్రసిద్ధ కుటుంబ ఉత్తరాల సంపుటిలో భాగం. ప్రస్తుతం లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆమె ఈ ఉత్తరాన్ని స్వయంగా వ్రాయలేదు, ఒక లేఖకుని చేత వ్రాయించింది.

ఈ ఉత్తరం వెనుక ఉన్న సమస్య తెలుగు పాఠకులకు కొత్త కాదు. అది కట్నం. వరుని పక్షం అడిగినంత సొమ్ము ఇవ్వడానికి మార్జరీ తండ్రి ఒప్పుకోలేదు. తల్లి ఎంత నచ్చజెప్పినా ఆయన మెత్తబడలేదు. ఈ విషయం దాచకుండా తెలుపుతూ, తనపై నిజమైన ప్రేమ ఉంటే ఈ కారణంగా తనను విడిచిపెట్టవద్దనీ, అతనికి ఇప్పుడున్న ఆస్తిలో సగమే ఉన్నా తాను మాత్రం అతనిని విడువననీ మార్జరీ వ్రాయించింది. అదే సమయంలో ఆమె తల్లి ఎలిజబెత్ కూడా జాన్‌కు ఉత్తరం వ్రాస్తూ, రాబోయే శుక్రవారం వాలెంటైన్ దినమనీ, పక్షులు జతను ఎన్నుకొనే ఆ రోజుకు తమ ఇంటికి వచ్చి తన భర్తతో మాట్లాడమనీ ఆహ్వానించింది. ఆ సంవత్సరమే మార్జరీ, జాన్‌ల వివాహం జరిగింది.

ఈ ఉత్తరంలో అలంకారాలు తక్కువ, అవసరం ఎక్కువ. ఐదువందల ఏళ్ళు దాటినా ఇది చదివేవారిని కదిలించడానికి కారణం అదే కావచ్చును.

చీట్లు, కానుకలు

17వ శతాబ్దంలో ఇంగ్లండులో వాలెంటైన్‌ను ఎన్నుకొనే పద్ధతి వేరుగా ఉండేది. పేర్లు వ్రాసిన చీట్లు తీయడం గాని, ఆ ఉదయం మొదట కనిపించిన వ్యక్తిని వాలెంటైన్‌గా భావించడం గాని ఆచారం. వివాహితులు కూడా ఇందులో పాల్గొనేవారు. ఇది ఎక్కువగా వినోదమే. అయితే తన వాలెంటైన్‌గా వచ్చిన స్త్రీకి పురుషుడు చేతితొడుగుల వంటి కానుక ఇవ్వవలసి ఉండేది.

లండను నివాసి శామ్యూల్ పెపిస్ తన ప్రసిద్ధమైన దినచర్యలో 1667 ఫిబ్రవరి 14న వ్రాసిన విషయం ఆసక్తికరమైనది. ఆ ఉదయం విల్ మెర్సర్ అనే బాలుడు పెపిస్ భార్యకు వాలెంటైన్‌గా వచ్చాడు. నీలిరంగు కాగితంపై బంగారు అక్షరాలతో ఆమె పేరును తానే వ్రాసి తెచ్చాడు. అది చాలా ముచ్చటగా ఉందని పెపిస్ మెచ్చుకున్నాడు. ఆ సంవత్సరం తాను కూడా తన భార్యకు వాలెంటైన్ అయినందున తనకు ఐదు పౌన్లు ఖర్చు కాగలదని కూడా వ్రాసుకున్నాడు. పెద్దవాని ఐదు పౌన్ల కానుక ఏమిటో నేడు ఎవరికీ పట్టదు గాని, పిల్లవాని నీలికాగితం మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

చేతితో చేసిన కార్డులు

18వ శతాబ్దంలోను, 19వ శతాబ్దం తొలి దశకాలలోను వాలెంటైన్లు ప్రధానంగా ఇంట్లోనే తయారయ్యేవి. వీటిలో ముఖ్యమైన రకాలు ఇవి.

పజిల్ పర్స్: చతురస్రాకారపు కాగితాన్ని గాలిమర రెక్కల వలె మడిచి చిన్న పొట్లంగా చేసేవారు. ఒక్కొక్క మడత విప్పుతూ ఉంటే ఒక్కొక్క పద్యభాగం, బొమ్మ బయటపడేవి. చదవవలసిన క్రమం తెలియడానికి భాగాలకు అంకెలు వేసేవారు. చివరి మాట నడిమి గడిలో ఉండేది.

ప్రేమముడి: తుది మొదలు లేని ముడి ఆకారాన్ని గీసి, దాని తీగ వెంబడి పద్యాన్ని వ్రాసేవారు. చదివేవారు కాగితాన్ని చుట్టూ త్రిప్పుతూ చదవవలసి వచ్చేది.

కత్తిరింపు కాగితం: కాగితాన్ని మడిచి సన్నని కత్తెరతో లేసు వలె కత్తిరించేవారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ కుటుంబాలు ఈ కళలో పేరు పొందాయి.

సూదిపోటు కార్డులు: కాగితాన్ని వెనుకవైపు నుండి సూదితో పొడిచి, ముందువైపు చుక్కల బొమ్మ తేలేటట్లు చేసేవారు.

ఆద్యక్షర పద్యాలు: ప్రతి పాదంలోని మొదటి అక్షరాన్ని పైనుండి క్రిందికి చదివితే ప్రియమైన వ్యక్తి పేరు వచ్చేటట్లు వ్రాసేవారు.

బొమ్మ పద్యాలు: కొన్ని మాటలకు బదులు బొమ్మలు వేసి, చదివేవారు ఊహించుకొనేటట్లు చేసేవారు.

తెలుగు సాహిత్యం తెలిసినవారికి ఈ ప్రేమముళ్ళు మన చిత్రకవిత్వాన్ని గుర్తుకు తెస్తాయి. నాగబంధం, పద్మబంధం, ఛత్రబంధం వంటి బంధకవిత్వంలో కూడా అక్షరాలు ఒక ఆకారం వెంబడి సాగుతాయి. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. బంధకవిత్వం పండితులు తమ ప్రతిభను చూపడానికి ఉపయోగించిన ప్రక్రియ. వాలెంటైన్ ముడి సామాన్యులు ఇంట్లో ఒక వ్యక్తి కోసం మాత్రమే వ్రాసినది.

అరువు పద్యాలు, అచ్చు కార్డులు

ప్రేమ ఉన్నవారందరికీ పద్యం వ్రాయడం రాదు. ఈ ఇబ్బందిని తీర్చడానికి ఇంగ్లండులో "వాలెంటైన్ రైటర్" అనబడే చిన్న పుస్తకాలు వెలువడ్డాయి. 1797లో వచ్చిన "ది యంగ్ మాన్స్ వాలెంటైన్ రైటర్" వీటిలో ఒకటి. వీటిలోని పద్యాలను చూసి కార్డుపై ఎక్కించుకొనేవారు. వేర్వేరు వృత్తులవారికి తగినట్లు వేర్వేరు పద్యాలు, అంగీకారం తెలిపే జవాబులు, నిరాకరణ తెలిపే జవాబులు కూడా ఇటువంటి పుస్తకాలలో ఉండేవి. గులాబీ ఎరుపును, వయొలెట్ పువ్వు నీలాన్ని చెబుతూ ఆరంభమయ్యే ప్రసిద్ధ ఆంగ్ల గేయం 1784లో "గామర్ గర్టన్స్ గార్లండ్" అనే పిల్లల పాటల పుస్తకంలో అచ్చయినది. ఇది కూడా వాలెంటైన్ పద్యమే.

ఇప్పటివరకు తెలిసిన ముద్రిత వాలెంటైన్లలో అత్యంత ప్రాచీనమైనవాటిలో ఒకటి ఇంగ్లండులోని యార్క్ కాజిల్ మ్యూజియంలో ఉంది. ఇది 1797లో లండనులో ముద్రించబడి, చేతితో రంగులు వేయబడినది. అంచు చుట్టూ పద్యం అచ్చువేసి ఉంది. అయినా పంపిన యువతి దానితో తృప్తి చెందలేదు. ఎన్నిసార్లు కోరినా తనను చూడడానికి రాలేదన్న ఫిర్యాదును లోపల తన చేతితో వ్రాసి పంపింది. అచ్చు పద్యం అందరికీ ఒకటే. ఆమె చెప్పవలసిన మాట మాత్రం ఆమెకే తెలుసు.

తపాలా విధానం ప్రభావం

1840కి పూర్వం బ్రిటనులో ఉత్తరం ఖర్చు దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి పెరిగేది. సాధారణంగా ఆ సొమ్మును ఉత్తరం అందుకొన్నవారే చెల్లించేవారు. కవరు కూడా ఒక కాగితంగా లెక్కకు వచ్చేది కాబట్టి ఉత్తరాన్నే మడిచి లక్కముద్ర వేసి పంపేవారు. రోలండ్ హిల్ సూచించిన సంస్కరణల ఫలితంగా 1840 జనవరి 10 నుండి దేశమంతటా అర ఔన్సు వరకు ఒక పెన్నీ రుసుము అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం మే నెలలో "పెన్నీ బ్లాక్" తపాలా బిళ్ళ వాడుకలోకి వచ్చింది.

దీని ప్రభావం వాలెంటైన్లపై మూడు విధాలుగా పడింది. మొదటిది, తక్కువ జీతగాళ్ళు కూడా కార్డు పంపగలిగారు. రెండవది, కవరు వాడుకలోకి రావడం వలన లేసు, ఉబ్బెత్తు బొమ్మలు నలగకుండా చేరగలిగాయి. మూడవది, పంపినవారు బిళ్ళ అంటించి తపాలా పెట్టెలో వేస్తే చాలు కాబట్టి పేరు చెప్పకుండా పంపడం తేలికయ్యింది. ఈ మూడవ సౌకర్యం మంచికీ చెడుకూ కూడా ఉపయోగపడింది.

ఈ కాలంలోనే లేసు కాగితం తయారీ వృద్ధి చెందింది. కాగితాన్ని అచ్చు దిమ్మెపై నొక్కి బొమ్మలు ఉబ్బెత్తుగా తేలేటట్లు చేసి, ఉబ్బిన కొనలను ఆకురాయితో గాని గరుకు కాగితంతో గాని అరగదీస్తే అక్కడ చిల్లులు పడేవి. చూడడానికి అచ్చంగా అల్లిన లేసు వలె ఉండేది.

ఎస్తర్ హౌలాండ్

అమెరికాలో వాలెంటైన్ కార్డుల పరిశ్రమకు ఆద్యులలో ఒకరు ఎస్తర్ హౌలాండ్ (1828 - 1904). ఈమె మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణానికి చెందినది. తండ్రికి పుస్తకాలు, కాగితాల దుకాణం ఉండేది. ఈమె 1847లో మౌంట్ హోలియోక్ విద్యాలయంలో చదువు పూర్తిచేసింది. ఆ రోజులలో ఇంగ్లండు నుండి వచ్చిన ఒక లేసు వాలెంటైన్‌ను చూసి తానూ అటువంటివి చేయగలనని తలచి, నమూనాలు తయారుచేసి, అమ్మకాల పని మీద ఊళ్ళు తిరిగే సోదరునికి ఇచ్చింది. రెండువందల డాలర్ల బేరం వస్తే చాలుననుకొంటే, ఐదువేల డాలర్ల విలువైన ఆర్డర్లు వచ్చాయని చెబుతారు.

ఒక్కరి చేతితో అయ్యే పని కాదని గ్రహించి ఎస్తర్ తన స్నేహితురాళ్ళను పిలిచి ఇంట్లోనే పనిని పంచింది. ఒకరు బొమ్మలు కత్తిరించడం, ఒకరు కాగితం పొరలు అమర్చడం, ఒకరు అంటించడం, ఇలా కార్డు చేతులు మారుతూ పూర్తయ్యేది. కర్మాగారాలలో ప్రసిద్ధి చెందిన వరుస ఉత్పత్తి పద్ధతికి ఇది ఒక తొలి ఉదాహరణ. స్త్రీలకు ఉపాధి మార్గాలు తక్కువగా ఉన్న ఆ కాలంలో ఇది వారికి జీతం తెచ్చిన పని. ఈమె సంస్థకు తరువాతి కాలంలో "న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ" అని పేరు వచ్చింది. కార్డుల వెనుక చిన్న ఎర్రని "హెచ్" అక్షరం గుర్తుగా ఉండేది.

1879లో ఈ సంస్థ 131 పద్యాలతో ఒక పుస్తకం ప్రచురించింది. కార్డు నచ్చి లోపలి పద్యం నచ్చకపోతే, కొనేవారు ఈ పుస్తకం నుండి మరొక పద్యం ఎన్నుకొని దానిపై అంటింపజేసుకోవచ్చును. అంటే అచ్చు కార్డు కొన్నవారికి కూడా "ఈ మాట నాది" అనిపించవలసిన అవసరం ఉందని ఆమె గుర్తించింది. కొద్దికాలానికి ఆమె తన వ్యాపారాన్ని జార్జి విట్నీకి అమ్మివేసింది. విట్నీ కంపెనీ రెండవ ప్రపంచ యుద్ధకాలపు కాగితం కొరత వలన 1942లో మూతపడింది. ఈలోగా కాన్సాస్ నగరానికి చెందిన హాల్‌మార్క్ సంస్థ 1913లో వాలెంటైన్ కార్డుల అమ్మకం, 1916లో వాటి ముద్రణ ఆరంభించింది.

ఎమిలీ డికిన్సన్

ఎస్తర్ హౌలాండ్ చదువు ముగించిన 1847లోనే, అదే మౌంట్ హోలియోక్ విద్యాలయంలో ఎమిలీ డికిన్సన్ (1830 - 1886) ప్రవేశించింది. 1848 ఫిబ్రవరిలో తన సోదరునికి వ్రాసిన ఉత్తరంలో, విద్యార్థినులు వాలెంటైన్లు పంపరాదని ప్రధానాధ్యాపకురాలు మేరీ లయన్ నిషేధించారనీ, అయినా కొందరు పంపనే పంపారనీ తెలిపింది. డికిన్సన్ కవితలలో నేడు లభిస్తున్న మొదటిది 1850లో వ్రాసిన వాలెంటైన్ పద్యమే. 1852 ఫిబ్రవరిలో ఆమె మరొక వాలెంటైన్ కవిత "స్ప్రింగ్‌ఫీల్డ్ డైలీ రిపబ్లికన్" పత్రికలో పేరు లేకుండా అచ్చయినది. తన జీవితకాలంలో అతికొద్ది కవితలు మాత్రమే అచ్చులో చూసుకొన్న ఈ మహాకవయిత్రి, కవితా రచనను సరదా వాలెంటైన్లతో ఆరంభించినదన్న విషయం విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

వెనిగర్ వాలెంటైన్లు

అన్ని వాలెంటైన్లూ ప్రేమతో పంపినవి కావు. 1840ల నుండి సుమారు ఒక శతాబ్దం పాటు బ్రిటను, అమెరికాలలో "వెనిగర్ వాలెంటైన్లు" అనబడే చవకరకం కాగితాలు విరివిగా అమ్ముడుపోయేవి. వీటిపై ఎదుటివారి రూపాన్ని, వృత్తిని, వయసును, అవివాహిత స్థితిని వెక్కిరించే వికృతమైన బొమ్మ, క్రింద నాలుగు పాదాల గేయం ఉండేవి. పంపినవారి పేరు ఉండేది కాదు. అందుకొన్నవారు పక్కింటివారినీ, తోటి ఉద్యోగులనూ అనుమానించవలసి వచ్చేది. వీటి వలన తగవులు జరిగినట్లు నాటి పత్రికలలో వార్తలు వచ్చేవి.

మృదువైన లేసు కార్డులు భద్రంగా దాచుకోవడం వలన నేడు అనేకం మిగిలాయి. వెనిగర్ కార్డులను అందుకొన్నవారు చించివేయడం వలన తక్కువగా మిగిలాయి. కాబట్టి మ్యూజియంలలోని కార్డులను మాత్రమే చూసి ఆ కాలమంతా మధురంగా ఉండేదని భావించరాదు.

పాఠశాలల్లో వాలెంటైన్లు

20వ శతాబ్దంలో అమెరికా ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలు తరగతిలో ఒకరికొకరు చిన్న కార్డులు ఇచ్చుకోవడం ఆచారమయ్యింది. అట్టపెట్టెకు రంగుకాగితం అంటించి, పైన చీలిక చేసి, దానినే తపాలా పెట్టెగా ఉపయోగిస్తారు. ఈ ఆచారంలో ఒక సున్నితమైన సమస్య ఉంది. కొందరు పిల్లలకు కట్టలు కట్టలుగా కార్డులు వస్తే, కొందరికి ఒక్కటీ రాకపోవచ్చును. అందుచేత చాలా పాఠశాలల్లో, కార్డులు తెస్తే తరగతిలో అందరికీ తేవాలి అనే నియమం పెట్టారు. ఉపాధ్యాయులు తరగతి పిల్లల పేర్ల జాబితాను ఇంటికి పంపుతారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల తల్లిదండ్రులకు కూడా ఫిబ్రవరి రెండవ వారంలో ఈ జాబితా ముందు పెట్టుకొని పిల్లలచేత పేర్లు వ్రాయించడం పరిచితమైన పనే.

ఈ నియమం వలన కార్డుకు విలువ తగ్గిందని కొందరు అంటారు. అందరికీ ఇచ్చేది ఎవరికీ ప్రత్యేకం కాదన్నది వారి వాదన. కాని ఏడేళ్ళ పిల్లవానికి ఖాళీ పెట్టె ఎంత బరువో తరగతిగదిలో నిలబడినవారికి తెలుస్తుంది. అందరికీ కార్డు ఇస్తూనే, ప్రతి ఒక్కరి గురించి ఒక మంచి విషయం వ్రాయమని పిల్లలను ప్రోత్సహిస్తే ఈ రెండు చిక్కులూ చాలవరకు తొలగుతాయి.

ఇతర దేశాలలో

డెన్మార్క్: ఇక్కడ చలికాలం చివరి నుండి ఈస్టరు వరకు "గెక్కెబ్రెవ్" అనే కత్తిరింపు ఉత్తరాలు పంపుతారు. కాగితాన్ని లేసు వలె కత్తిరించి, చిన్న గేయం వ్రాసి, మంచుబిందు పువ్వును జతచేస్తారు. పేరుకు బదులు, పేరులో ఎన్ని అక్షరాలు ఉంటే అన్ని చుక్కలు పెడతారు. పంపినదెవరో అందుకొన్నవారు చెప్పలేకపోతే పంపినవారికి ఈస్టరు గుడ్డు బాకీ పడతారు.

ఫిన్లాండ్, ఎస్టోనియా: ఈ దేశాలలో ఫిబ్రవరి 14 "స్నేహితుల రోజు". కార్డులు ప్రధానంగా మిత్రులకు పంపుతారు.

జపాన్: ఈ రోజు స్త్రీలు పురుషులకు చాక్లెట్లు ఇస్తారు. మర్యాద కోసం సహోద్యోగులకు ఇచ్చేవి వేరు, ప్రేమతో ఇచ్చేవి వేరు. ప్రేమతో ఇచ్చే చాక్లెట్లను ఇంట్లోనే తయారుచేయడం చాలామందికి ఇష్టం. మార్చి 14న పురుషులు తిరిగి కానుకలు ఇస్తారు.

వేల్స్: ఇక్కడ యువకులు ప్రియురాలి కోసం కొయ్యతో గరిటెలు చెక్కి ఇచ్చే ఆచారం ఉండేది. సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో 1667 నాటి ప్రేమగరిటె ఒకటి ఉంది. వేల్స్ ప్రజలు తమ ప్రేమికుల పండుగను సెయింట్ డ్విన్వెన్ పేరిట జనవరి 25న జరుపుకొంటారు.

లవ్‌లాండ్: అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న ఈ పట్టణం పేరుకు "ప్రేమభూమి" అని అర్థం చెప్పవచ్చును. 1940ల నుండి ఇతర ప్రాంతాలవారు తమ కార్డులను ఇక్కడికి పంపితే, స్వచ్ఛందసేవకులు వాటిపై ఆ సంవత్సరపు పద్యముద్రను చేతితో వేసి తిరిగి తపాలాలో వేస్తారు. ఈ సేవకులలో ఎక్కువమంది వృద్ధులు.

భారతదేశంలో, తెలుగునాట

భారతదేశంలో ప్రేమికుల రోజు 1990లలో, ఆర్థిక సరళీకరణ, ఉపగ్రహ టెలివిజన్ ఛానళ్ళ రాకతో నగరాలలో వ్యాప్తి చెందింది. 1979లో స్థాపించబడిన ఆర్చీస్ వంటి కార్డుల సంస్థలు దీనికి తోడ్పడ్డాయి. తెలుగునాట అప్పటికే సంక్రాంతికీ, నూతన సంవత్సరానికీ గ్రీటింగు కార్డులు పంపుకొనే అలవాటు ఉండడం వలన కొత్త కార్డులు సులువుగానే ప్రవేశించాయి. 1999లో తమిళం నుండి అనువదించబడిన "ప్రేమికుల రోజు" చలనచిత్రం ఈ పేరును మరింత ప్రచారంలోకి తెచ్చింది. తరువాత సెల్‌ఫోను సందేశాల వలన కాగితపు కార్డుల వాడకం బాగా తగ్గింది.

ఈ రోజు విదేశీ వ్యాపార సంస్కృతిలో భాగమని కొన్ని సంస్థలు వ్యతిరేకిస్తూ నిరసనలు జరిపాయి. వయోజనుల వ్యక్తిగత విషయాలలో ఇతరుల జోక్యం తగదని మరికొందరు వాదిస్తారు. ఈ వివాదంతో నిమిత్తం లేకుండా, ప్రేమసందేశం అనేది మాత్రం మన సాహిత్యానికి పరాయిది కాదు. శ్రీనాథుని "శృంగార నైషధము"లో నలదమయంతుల నడుమ హంస రాయబారం నడుపుతుంది. పోతన భాగవతంలో, అన్న రుక్మి తనను శిశుపాలునికి ఇవ్వ నిశ్చయించగా, రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుని ద్వారా శ్రీకృష్ణునికి సందేశం పంపుతుంది. మార్జరీ బ్రూస్ లేఖ వలెనే ఇదీ జీవితం చేయిజారిపోతున్న వేళ ఒక యువతి ధైర్యం చేసి పంపిన మాట.

ఇంట్లో తయారుచేయు విధానం

వాలెంటైన్ కార్డుకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. దళసరి కాగితం, పలుచని రంగుకాగితం, కత్తెర, సూది, జిగురు ఉంటే చాలు. మైదాపిండిని నీళ్ళలో కలిపి సన్నని సెగపై ఉడికిస్తే మంచి జిగురు తయారవుతుంది. తుమ్మబంక కూడా వాడవచ్చును.

లేసు అంచు: పలుచని కాగితాన్ని నాలుగు లేదా ఎనిమిది మడతలు పెట్టి, అంచు వెంబడి అర్ధచంద్రాకారంగా, మడత వెంబడి చిన్న త్రికోణాలుగా కత్తిరించి విప్పాలి. దీనిని ముదురు రంగు కాగితంపై అంటిస్తే లేసు స్పష్టంగా కనిపిస్తుంది.

సూదిపోటు: బొమ్మను కాగితం వెనుకవైపు పెన్సిలుతో తేలికగా గీయాలి. క్రింద మడతపెట్టిన మెత్తని గుడ్డ ఉంచి, గీత వెంబడి సమాన దూరంలో సూదితో పొడవాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకొంటే బొమ్మ మెరుస్తుంది.

ఎండుపూలు: పలుచని రేకులున్న పూలను పాత వార్తాపత్రికల నడుమ పరచి, బరువైన పుస్తకాల క్రింద రెండు వారాలు ఉంచాలి. మధ్యలో తడిసిన పత్రికను మారుస్తూ ఉండాలి. మందార వంటి తేమ ఎక్కువగల పూలు దీనికి అనువు కావు. గడ్డిపూలు, ఆకులు బాగుంటాయి.

చుక్కల సంతకం: డెన్మార్క్ పద్ధతిలో పేరుకు బదులు చుక్కలు పెట్టవచ్చును. తెలుగులో "లక్ష్మి" అనే పేరుకు రెండు చుక్కలు పెట్టాలి. ఇది ఇంట్లోవారికి, సన్నిహిత మిత్రులకు మాత్రమే తగిన సరదా. పరిచయం లేనివారికి పేరు లేని కార్డు పంపడం వారిని భయపెట్టవచ్చును. ఎదుటివారు వద్దన్న పిమ్మట మరల పంపడం ప్రేమ కాదు, వేధింపు.

పద్యం వ్రాయడం

ఛందస్సు తెలిసినవారు ఆటవెలదిలో గాని తేటగీతిలో గాని వ్రాయవచ్చును. తెలియనివారికి ఆద్యక్షర పద్ధతి సులభమైనది, ఎందుకంటే పేరే దారి చూపుతుంది. ఉదాహరణకు "సుమతి" అనే స్నేహితురాలికి ఈ విధంగా వ్రాయవచ్చును:

సుద్దముక్క అరిగిపోయినా పలకపై అక్షరం మిగిలినట్లు,
మధ్యాహ్నపు ఎండలో నీవు తెచ్చి ఇచ్చిన మంచినీళ్ళు గుర్తున్నాయి.
తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఈ మూడు వరుసలే ఉన్నాయి.

ఇటువంటి రచనలో పాటించదగిన సూత్రం ఒక్కటే. చంద్రునితోను, పువ్వుతోను పోల్చే మాటలు ఎవరికైనా సరిపోతాయి. ఇద్దరికి మాత్రమే తెలిసిన ఒక చిన్న సంగతి, ఒక రోజు, ఒక సహాయం ప్రస్తావిస్తే ఆ కార్డు మరొకరికి సరిపోదు. అది తల్లిదండ్రులకు, జీవిత భాగస్వామికి, గురువులకు, మిత్రులకు ఎవరికైనా పంపవచ్చును. దస్తూరి బాగుండకపోయినా స్వయంగా వ్రాయడమే మేలు. తేదీ, సంవత్సరం వేయడం మరువరాదు. పాత పెట్టెలో దొరికిన కార్డు ఏనాటిదో మనుమలకు తెలియవలె గదా.

ఇవి కూడా చూడండి

ప్రేమికుల రోజు
జెఫ్రీ చాసర్
ఎమిలీ డికిన్సన్
పెన్నీ బ్లాక్
చిత్రకవిత్వం
రుక్మిణీ కల్యాణం